అమ్మ నొప్పి అమ్మే చెప్పుకోవాలి

అమీర్‌పేట మెట్రో దిగి ఏ సందులోకి తిరిగినా స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు కనిపిస్తుంది. లోపల చెప్పేది దాదాపు ఒకటే. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే ఏం చెప్పాలి, గ్రూప్ డిస్కషన్‌లో మాట ఎలా అందుకోవాలి, ఫోన్‌లో కస్టమర్‌కి ఎలా సర్దిచెప్పాలి. ఉద్యోగం వెతుక్కునే పిల్లలకి అదే కావాలి, అందులో తప్పేమీ లేదు. కానీ ఈ ఊళ్ళో ఇంగ్లిష్ అవసరపడేది వాళ్ళొక్కరికే కాదు. కూతురి కాన్పుకనో, మనవడిని చూసుకోవడానికనో డల్లాస్‌కీ న్యూజెర్సీకీ విమానం ఎక్కే అమ్మానాన్నలు కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఎక్కడ అడిగినా ఉంటారు. నేను ఇంగ్లిష్ చెప్పేది వాళ్ళకే. ఇన్నేళ్ళ తర్వాత నా అభిప్రాయం గట్టిపడింది: ఆ వయసువాళ్ళకి మొట్టమొదట నేర్పాల్సింది పలకరింపులు కాదు, షాపింగ్ మాటలు కాదు, ఇమిగ్రేషన్ కౌంటర్ ప్రశ్నలు కూడా కాదు. ఒంట్లో బాగా లేనప్పుడు ఆ సంగతి తమ నోటితో తాము చెప్పుకోవడం.

ఈ మాట అనగానే క్లాసులో ఎవరో ఒకరు అంటారు, "మాకెందుకు మేడమ్ అదంతా? అబ్బాయి పక్కనే ఉంటాడు గదా, డాక్టర్‌కి వాడే చెప్తడు."

అసలు చిక్కు అక్కడే. అబ్బాయి చెబితే ఏమవుతుందో ఇక్కడి ఆసుపత్రుల్లోనే చూస్తున్నాం. అమ్మ డాక్టర్ ముందు కూర్చుని తీరిగ్గా మొదలుపెడుతుంది. మొన్న శనివారం పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉంది, కాఫీ తాగితే కడుపులో తిప్పింది, మధ్యాహ్నం కాస్త తగ్గింది, రాత్రి పడుకుంటే ఎడమ పక్క పొడిచినట్టు అయింది, పక్కకి ఒత్తిగిల్లితే పోయింది. కొడుకు ఫోన్ చూసుకుంటూ అంతా విని, 'స్టమక్ పెయిన్, టూ డేస్' అంటాడు. ఎక్కడ మొదలైంది, ఎటు కదిలింది, దేనితో తగ్గింది, దేనితో పెరిగింది అన్నది మొత్తం పోయింది. జబ్బు పోల్చుకోవడానికి డాక్టర్‌కి కావాల్సినవి సరిగ్గా అవే. కొడుకు చెడ్డవాడేం కాదు. అమ్మ మాటల్లో అనవసరం అనిపించింది తీసేసి పని తొందరగా కానిద్దామనుకుంటాడు. ఏది అనవసరమో తీర్చగలిగేది డాక్టర్ మాత్రమేనని అతనికి తోచదు. ఇంకొందరు పిల్లలు ఏకంగా రోగం పేరే చెప్పేస్తారు: 'జస్ట్ గ్యాస్, డాక్టర్.'

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, మన ఇళ్ళలో దాన్ని ఎత్తనే ఎత్తరు. కొడుకు ముందు చెప్పలేనివి ఆడవాళ్ళకి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. మూత్రంలో మంట. తుమ్మినా దగ్గినా చీర తడవడం. తెల్లబట్ట అవడం. నెలసరి ఆగిపోయిన ఎన్నో ఏళ్ళకి మళ్ళీ రక్తం కనిపించడం. గర్భసంచి కిందికి జారినట్టు ఉండటం. వీటిలో ఏ ఒక్కటీ కొడుకుతోనూ అల్లుడితోనూ ఇంగ్లిష్‌లోకి మార్పించుకునేది కాదు. కోడలితో అయినా అందరూ చెప్పుకోరు. మగవాళ్ళకీ ఉంటాయి: ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయన రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో కూతురితో చెప్పడానికి మొహమాటపడతాడు. అందుకే పెదవి బిగబట్టి ఆరు నెలలు గడిపి, హైదరాబాద్ వచ్చాక చూపించుకుందాంలే అనుకుంటారు. నెలసరి నిలిచిపోయాక రక్తం కనిపిస్తే అలా వాయిదా వెయ్యకూడదు, వెంటనే చూపించాలి, ఎందుకంటే అది గర్భాశయ క్యాన్సర్‌కి తొలి గుర్తు కావచ్చు. తన నోటితో 'ఐ యామ్ బ్లీడింగ్, మై పీరియడ్స్ స్టాప్డ్ లాంగ్ ఎగో' అని రెండు ముక్కలు అనగలిగితే చాలు. ఆ రెండు ముక్కల కోసమైనా క్లాసు పెట్టాలని నేను వాదిస్తాను.

అక్కడ దుబాసీలు ఉంటారు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. ఉంటారు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ సరిగా రాని రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557వ సెక్షన్ దీనికి ఆధారం. మైనర్ పిల్లల్ని దుబాసీలుగా వాడటాన్ని, అత్యవసరమైతే తప్ప, అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. ఫోన్ మీదో వీడియోలోనో తెలుగు మాట్లాడే మనిషి దొరుకుతారు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ కూడా ఈ సాయం చేస్తుంది. అందుకే నా క్లాసులో అందరితో కంఠతా పట్టించే మొదటి వాక్యం 'ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్' అన్నదే. రెండోది 'ఐ వాంట్ టు టాక్ టు ద డాక్టర్ అలోన్.' డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడతాను అని అడగొచ్చని మన పెద్దవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ వాక్యం పలికించినప్పుడు గదిలో ఆడవాళ్ళ గొంతు కాస్త పెరగడం నేను ప్రతి బ్యాచ్‌లోనూ విన్నాను.

అయినా దుబాసీ మోసేది మనం ఇచ్చిన మాటనే. మనం "వేడి చేసిందమ్మా" అని ఊరుకుంటే ఆ మనిషి దాన్ని ఏమని మారుస్తారు? మన ఇంట్లో ఆ ముక్కకి నోటిపూత నుంచి మూత్రంలో మంట దాకా ఎన్నో అర్థాలు ఉన్నాయి, అవతలి డాక్టర్‌కి ఒక్కటీ అందదు. "పైత్యం చేసింది", "వాతం", "గాలి తగిలింది" కూడా అంతే. ఇవి మనం చెప్పుకునే కారణాలు. డాక్టర్‌కి కారణం అక్కర్లేదు, ఒంట్లో ఏం జరుగుతోందో కావాలి. కాబట్టి పాఠం తెలుగులోనే మొదలవ్వాలి. తన నొప్పిని తెలుగులో విప్పి చెప్పలేని మనిషికి ఇంగ్లిష్ మాటలు ఎన్ని ఇచ్చినా ఉపయోగం ఉండదు.

ఇందులో మన భాషకి లోటే లేదు. 'నొప్పి' అనే మాట వాడకుండా మీ నొప్పి చెప్పండి అని నేను అడుగుతాను. ఇక చూడాలి! కరీంనగర్ నుంచి వచ్చినామె పిక్కలు గుంజుతున్నయి అంటుంది. గుంటూరు ఆమె నడుం పట్టేసిందంటుంది. ఇంకొకరికి మోకాలు రాత్రంతా సలుపుతుంది. ఒకాయనకి అరికాళ్ళు చిమచిమలాడతాయి, ఆయన పక్కాయనకి మొద్దుబారిపోయి చెప్పు జారిపోయినా తెలియదు. కణతల దగ్గర పోటు, మెడ దగ్గర నరం జివ్వుమని లాగడం, కడుపులో మెలిపెట్టడం, గొంతులో గీరుకుపోవడం, ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండటం. పానం మంచిగ లేదు అని మొదలుపెట్టినామె కాసేపటికి, అన్నం తిన్న గంటకి రొమ్ము ఎముక వెనకాల మండుతుంది, పడుకుంటే ఎక్కువైతది, లేచి కూసుంటే తగ్గుతది అని చెప్పేసింది. వైద్య విద్యార్థులు రోగిని అడగడానికి నేర్చుకునే ప్రశ్నల్లో సగానికి ఆమె ఎవరూ అడక్కుండానే జవాబిచ్చింది.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో చేసిన పని నాకు చాలా ఇష్టం. రోగులు నొప్పికి వాడే విశేషణాల్ని 78 ఎంచి, 20 గుంపులుగా అమర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. పొడుస్తోందా, కాలుతోందా, నొక్కుతోందా, లాగుతోందా, భయపెడుతోందా, అలసట తెప్పిస్తోందా అని మాటకి మాట పోల్చి అడిగే పద్ధతి. 'నొప్పి ఎంత' అన్నదొక్కటే కాదు, 'ఎలాంటి నొప్పి' అన్నది రోగనిర్ణయానికి దారి చూపుతుందని దాని వెనక ఉన్న ఆలోచన. నరాల నొప్పి ఒకలా ఉంటుంది, కీళ్ళ నొప్పి ఇంకోలా ఉంటుంది. మన పెద్దవాళ్ళు సలుపుకీ గుంజుడుకీ తేడా తెలిసినవాళ్ళు. ఆ తేడా ఇంగ్లిష్‌లోకి దాటేసరికి అంతా కలిసి ఒక్క 'పెయిన్' అయిపోతోంది, నా బాధ అది.

దాటించడానికి 78 మాటలు అక్కర్లేదు. సలుపుకి త్రాబింగ్, మెలిపెట్టడానికి క్రాంపింగ్, మంటకి బర్నింగ్, పొడవడానికి షార్ప్, ఎప్పుడూ కొద్దికొద్దిగా పీకుతూ ఉండేదానికి డల్, చిమచిమకి టింగ్లింగ్, మొద్దుబారితే నమ్, పట్టేస్తే స్టిఫ్, బండ పెట్టినట్టు ఉంటే టైట్ లేదా ప్రెషర్. వీటితో పాటు 'ఇట్ హర్ట్స్ హియర్' అని వేలితో చూపించడం, 'ఇట్ కమ్స్ అండ్ గోస్', 'ఇట్ ఈజ్ గెటింగ్ వర్స్', 'ఇట్ స్టార్టెడ్ సడన్లీ'. అరవై ఏళ్ళు దాటినవాళ్ళకి ఇవి వారంలో వచ్చేస్తాయి. ఎందుకంటే ఒక్కొక్క మాటకీ వాళ్ళ ఒంట్లో ఒక చోటు ఉంది.

వాక్యం తప్పిందని మాత్రం నేను దిద్దను. 'మై లెగ్ ఈజ్ పెయినింగ్' అనకూడదు, 'మై లెగ్ హర్ట్స్' అనాలి అని ఎర్ర ఇంకుతో దిద్దే టీచర్లు మన ఊళ్ళో చాలామంది. ఆ వాక్యం వినగానే ఏ దేశం డాక్టర్‌కైనా కాలు నొప్పి అని అర్థమవుతుంది. అర్థమయ్యేదాన్ని దిద్దుతూ కూర్చుంటే నోరు మూతపడుతుంది. నేను పట్టుబట్టేది వేరే: వ్యాకరణం సరిగ్గానే ఉండి, అవతలివాళ్ళకి వేరే అర్థం వచ్చే మాటల మీద.

అన్నింటిలోకీ ప్రమాదం 'వీక్‌నెస్' అన్న మాటతో. మనం నీరసానికి వీక్‌నెస్ అంటాం. జ్వరం వచ్చి తగ్గినా వీక్‌నెస్, ఉపవాసం ఉన్నా వీక్‌నెస్. అక్కడ డాక్టర్‌కి ఆ మాట వినపడగానే కండల్లో బలం తగ్గిందా, చెయ్యి ఎత్తలేకపోతున్నారా, పక్షవాతమా అన్న వైపు ఆలోచన పోతుంది. దానికి తగ్గ పరీక్షలు, స్కాన్లు, బిల్లు. నీరసమైతే 'ఐ ఫీల్ వెరీ టైర్డ్' అనాలి. నిజంగా చెయ్యి పడిపోతే 'ఐ కాంట్ మూవ్ మై లెఫ్ట్ ఆర్మ్' అనాలి, ఆ మాట ఆలస్యం లేకుండా అనాలి, ఎందుకంటే మెదడుకి రక్తం అందక వచ్చే పక్షవాతంలో, రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. 'ఎప్పుడు మొదలైంది' అన్న ప్రశ్నకి కచ్చితంగా గంట చెప్పగలగడం కూడా అందుకే నేర్పుతాను.

చెయ్యి అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. తెలుగులో భుజం నుంచి వేళ్ళ దాకా అంతా చెయ్యే. ఇంగ్లిష్‌లో మణికట్టుకి కిందిది హ్యాండ్, పైది ఆర్మ్. 'లెఫ్ట్ హ్యాండ్ పెయిన్' అంటే నర్సు అరచెయ్యి చూస్తుంది. గుండెపోటులో నొప్పి పాకేది ఎడమ ఆర్మ్‌లోకి, దవడలోకి, వీపులోకి. కాలు కూడా ఇంతే, పాదం ఫుట్, పైదంతా లెగ్. 'హార్ట్ పెయిన్' అనే బదులు 'చెస్ట్ పెయిన్' అనమంటాను. గ్యాస్ సంగతి మరీ ఘోరం. ఛాతీలో ఏం జరిగినా మనకి గ్యాసే. సోడా తాగి పడుకుంటాం. ఆడవాళ్ళలో గుండెపోటు ఛాతీ నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, వికారం, చెమటలు, దవడ నొప్పి లాగా కూడా రావచ్చు. అందుకని నా క్లాసులో 'గ్యాస్' అన్న మాట వాడనివ్వను. ఎక్కడ ఎలా ఉందో చెప్పమంటాను.

కళ్ళు తిరగడం ఇంకొకటి. గది గిర్రున తిరుగుతున్నట్టు ఉండటాన్నీ, లేచి నిలబడితే చీకట్లు కమ్మి పడిపోబోవడాన్నీ తెలుగులో ఒకే మాటతో సరిపెట్టేస్తాం. మొదటిది చాలాసార్లు చెవి లోపలి సమస్య, రెండోది బీపీదో గుండెదో కావచ్చు. 'ద రూమ్ ఈజ్ స్పిన్నింగ్' వేరు, 'ఐ ఫీల్ లైక్ ఐ విల్ ఫెయింట్' వేరు. ఇక 'నాకు షుగర్ ఉంది, బీపీ ఉంది, థైరాయిడ్ ఉంది' అన్న మన ముత్యాలహారం. షుగర్, బీపీ, థైరాయిడ్ గ్రంథి అందరికీ ఉంటాయి. డయాబెటిస్, హై బ్లడ్ ప్రెషర్, హైపోథైరాయిడ్ అని పూర్తిగా పలకాల్సిందే. లండన్ వెళ్ళేవాళ్ళకి ఇంకో అంకెల బాధ: అక్కడ జ్వరం సెల్సియస్‌లో, మన 100.4 అక్కడి 38. షుగర్ కూడా వేరే కొలత, మన 180 అక్కడ 10.

తర్వాత వచ్చేది సున్నా నుంచి పది దాకా అంకె. నొప్పి ఎంత ఉందో అంకెలో చెప్పమని అక్కడి నర్సు అడుగుతుంది, ఇప్పుడు ఇక్కడి పెద్ద ఆసుపత్రుల్లోనూ అడుగుతున్నారు. మన ఆడవాళ్ళ జవాబు వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నిలబడలేని నడుం నొప్పికి "మూడు వేసుకోండి" అంటారు. ఓర్చుకోవడం మంచి గుణం అని పుట్టినప్పటి నుంచి విన్నవాళ్ళు. పెళ్ళి పనుల్లో జ్వరాన్ని దాచుకున్నవాళ్ళు, పురిటి నొప్పుల్లో అరవొద్దని తిట్లు తిన్నవాళ్ళు. వాళ్ళని అంకె అడిగితే అందులోనూ ఓర్పే చూపిస్తారు. డాక్టర్ ఆ మూడుని నమ్మి పారాసిటమాల్ రాసి పంపిస్తాడు. అందుకే అంకెతో పాటు నొప్పి ఏ పనిని ఆపుతోందో చెప్పడం నేర్పుతాను. 'ఐ కాంట్ స్లీప్', 'ఐ కాంట్ క్లైంబ్ స్టెయిర్స్', 'ఐ కాంట్ లిఫ్ట్ ద బేబీ.' మనవడిని ఎత్తుకోలేకపోతున్నాను అని చెప్పడానికి ఏ అమ్మా సిగ్గుపడదు. నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘం, ఐఏఎస్‌పీ, 2020లో నొప్పికి నిర్వచనం సవరించినప్పుడు ఒక మాట చేర్చింది: మనిషి తనకి నొప్పిగా ఉందని చెబితే ఆ మాటని గౌరవించాలి. గౌరవించాలంటే ముందు ఆ మాట బయటికి రావాలి కదా.

ఇదంతా అమెరికా వెళ్ళేవాళ్ళ గొడవ అనుకోకండి. హైదరాబాద్‌లోనే పెద్ద ఆసుపత్రిలో చేరితే రాత్రి డ్యూటీ నర్సు కేరళ అమ్మాయి కావచ్చు, డాక్టర్ ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన పీజీ కావచ్చు. వచ్చీరాని తెలుగులో "నొప్పి ఉందా అమ్మా" అని అడుగుతారు, ఉందంటే ఇంజెక్షన్ ఇస్తారు. అక్కడ రెండు మార్గాలు ఉన్నాయి, రెండూ కావాలి. డాక్టర్లు, నర్సులు మన మాట నేర్చుకోవాలి, అది వాళ్ళ బాధ్యత. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో పాఠాలే ఉర్దూలో చెప్పేవారు, అంటే ఈ ఊళ్ళో జనం భాషకి వైద్యం కొత్తదేమీ కాదు. ఎంబీబీఎస్ మొదట్లో జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని ఇప్పుడు నియమం కూడా ఉంది. సలుపు, గుంజుడు, తిమ్మిరి, పోటు అన్న మాటలు ఆ కోర్సులో ఉండాలని నా కోరిక. అంతవరకూ రోగి నోట్లో కొన్ని ఇంగ్లిష్ మాటలు ఉండటం రక్షణ. ఇంగ్లిష్ ఎలా నేర్పాలన్నదాని మీద పని చెయ్యడానికే 1958లో ఈ ఊళ్ళో కేంద్ర సంస్థ పెట్టారు, ఇప్పుడు తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా (ఇఫ్లూ) ఉన్నది అదే. ఇలాంటి ఊళ్ళో పెద్దవయసు రోగుల ఇంగ్లిష్ గురించి ఎవరో ఒకరు పాఠ్యపుస్తకం రాయకపోవడానికి కారణం నాకు కనిపించదు.

మాట తడబడే రోజు కోసం ఒక కాగితం కూడా ఉండాలి. వేసుకునే మందుల పేర్లు, బ్రాండు కాదు, లోపలి మందు పేరు. మన బ్రాండ్లు చాలావరకు అక్కడివాళ్ళకి తెలియవు. డోలో అన్నా క్రోసిన్ అన్నా అది పారాసిటమాల్, అమెరికాలో దాన్నే అసిటమినోఫెన్ అంటారు. ఆ పేరు తెలియక ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన డోలో వేసుకుని, పైన అక్కడి జలుబు మందూ తాగేవాళ్ళుంటారు. చాలా జలుబు మందుల్లో అదే ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు మించితే కాలేయం దెబ్బతినవచ్చు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునో రాత్రో, పడని మందులు, అయిన ఆపరేషన్లు, ఏ సంవత్సరం. పాస్‌పోర్ట్ కవర్లో ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి.

అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్‌స్టిట్యూట్లు నడిపేవాళ్ళని నేను అడిగేది పెద్దదేం కాదు. వీసా వచ్చిన పెద్దవాళ్ళ కోసం సాయంత్రం పూట రెండు వారాల బ్యాచ్ ఒకటి పెట్టండి. గ్రామర్ పుస్తకం ఇవ్వకండి. మనిషి బొమ్మ గీసిన చార్టు గోడకి తగిలించి, ఒక కుర్చీ డాక్టర్‌ది, ఒక కుర్చీ వాళ్ళది చెయ్యండి. మొదటి మూడు రోజులు తెలుగులోనే చెప్పనివ్వండి. ఆడవాళ్ళకి ఆడ టీచర్‌ని పెట్టండి, రెండో వారంలో ఒక పూట వాళ్ళకి విడిగా ఇవ్వండి. తోడు కొడుకో కోడలో వస్తే, బయట కూర్చోమని చెప్పండి.